టీచరమ్మ రాయించిన పేర్లు

టీచరమ్మ పోయారన్న కబురు నాకు పాలతో పాటు వచ్చింది. దబీర్‌పురా నుంచి మలక్‌పేట దాకా సైకిల్ మీద పాలు తెచ్చే మా తమ్ముడు ఆ పొద్దున క్యాను దించకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, టైపు టీచరమ్మ లేదింక. నిద్రలనే పోయిందంట. నేను గంట కొట్టిన, కొట్టిన, గిన్నె పట్టుకొని ఎవ్వరు రాలే. ఆఖరికి ఆమెతోని చర్చికి పోయే అమ్మలు వచ్చి తలుపు తీసిన్రు," అన్నాడు. ఆమె వాటా పాలు క్యానులో అలాగే మిగిలి ఉన్నాయి. వాటిని ఏం చేయాలో వాడికి తోచలేదు, నాకూ తోచలేదు. చివరికి కాచి తోడు వేశాను.

మనిషి పోగానే నాలుగు మంచి మాటలు రాయడం సులువు. సులువైన పని అంటే టీచరమ్మకు నమ్మకం ఉండేది కాదు. ఈ కాగితం ముందు కూర్చుని ఇప్పటికి చాలాసార్లు చించేశాను. నాకు అన్నిటికంటే గట్టిగా గుర్తున్నది ఆమె చేసిన ఒక పని. అది మంచిదో, పొరపాటో నాకు ఇప్పటికీ తేలలేదు. అయినా దాన్ని వదిలేసి ఆమె గురించి రాస్తే, ఆమె కాని మరెవరి గురించో రాసినట్టు ఉంటుంది.

దబీర్‌పురా స్టేషన్ నుంచి వచ్చే సందులో, సైకిల్ రిపేరు దుకాణం మీద ఒకే ఒక గది ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్. భర్త రైల్వేలో పనిచేస్తూ నడి వయసులోనే పోయారు. పిల్లలు లేరు. ఆయన తాలూకు వచ్చిన డబ్బుతో పాత మిషన్లు కొని బోర్డు కట్టారట. తెలుగువాళ్ళందరికీ ఆమె టీచరమ్మ, తురక ఇళ్ళవాళ్ళకు ఉస్తానీ. వానొస్తే కప్పు కారేది. అప్పుడు ఆమె మిషన్ల మీద గొడుగులు విప్పి పెట్టి, తాను తడుస్తూ, "కొట్టు, కొట్టు, నీళ్ళు నాకు, అక్షరాలు నీకు," అనేవారు. నేర్చుకునే వాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పేవారు, చూడకుండా కొట్టడం రావాలని. "చేతికి తొందరుంటది. కండ్లకు ఉండొద్దు," అని ఆమె రోజూ చెప్పే మాట. మనసు బాగా లేనప్పుడు పళ్ళు తోముకునే పాత బ్రష్షును కిరసనాయిల్లో ముంచి, మిషన్ అక్షరాలను ఒక్కొక్కటిగా తోమేవారు. అప్పుడు ఎవరూ పలకరించేవాళ్ళు కాదు.

నేను యూనివర్సిటీలో ఎం.ఏ. పూర్తి చేసి, ఉద్యోగం లేక, ఆమె దగ్గర టైపు నేర్చుకోవడానికి వెళ్ళాను. మాది తరాలుగా ఆ సందులోనే పాల వ్యాపారం. అంత చదివీ మళ్ళీ మిషన్ ముందు కూర్చోవడం నాకు చిన్నతనంగా ఉండేది. ప్రతిదానికీ "అట్లనేనా? ఎందుకట్ల?" అని అడిగేదాన్ని. రెండో వారానికల్లా ఆమె నాకు పేరు పెట్టేశారు. "ఏం డౌటమ్మా, ఇయ్యాల ఏం తోచింది?" అని పలకరించేవారు. ఆ తర్వాత ఆమె నన్ను అసలు పేరుతో పిలిచింది లేదు.

ఆ రోజుల్లోనే మా సందుల్లోని చిన్న కార్ఖానాలకు ప్రావిడెంట్ ఫండ్ నోటీసులు వచ్చాయి. పెద్ద మిల్లులకు ఆ చట్టం అంతకు ముందే ఉంది. ఇరవై మందికి తగ్గకుండా పనిచేసే చిన్న చోట్లకూ అది వర్తిస్తుందని, ఇక నుంచి యజమానులు నెలనెలా లెక్క పంపాలని ఆ నోటీసుల సారాంశం. ఎవరు పనిచేస్తున్నారు, తండ్రి పేరో భర్త పేరో ఏమిటి, వయసెంత, జీతంలో ఎంత పట్టారు, యజమాని ఎంత కలిపాడు, ఎవరు కొత్తగా చేరారు, ఎవరు మానేశారు, అంతా రాయాలి. గడువు దాటితే జరిమానా, కేసు. లెక్క నిజమో కాదో చూడడానికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఇప్పుడిది మామూలు సంగతి. కానీ అప్పటికి ఆ యజమానుల్లో చాలామందికి హాజరీ కూడా నోటి మాటే. నోటీసు ఇంగ్లీషులో ఉంది. దాన్ని చదివీ భయపడని మనిషి ఆ సందులో టీచరమ్మ ఒక్కరే అనుకున్నారు వాళ్ళు. భయపడకపోవడం సంగతి నాకు తెలియదు. నోటీసు చదివిన రోజున ఆమె రెండు మిషన్లు తోమారు.

మొదటిసారి వాళ్ళంతా పైకి వచ్చిన సాయంత్రం, టైపు నేర్చుకునే పిల్లల స్టూళ్ళ మీద మోకాళ్ళు పైకి పెట్టుకొని కూర్చున్నారు. బట్టలు పెట్టుకునే రేకు సందూకులు చేయించే సేఠ్ సాబ్ అందరికంటే పెద్దాయన. నోటీసును రుమాలులో చుట్టి తెచ్చాడు.

"ఉస్తానీ, యే క్యా బలా హై? మా అబ్బా జమానాల ఎవ్వడు అడగలే. నా కార్ఖానాల ఎవలున్నరో నేను ఢిల్లీకి చెప్పాల్నా?"

"ఢిల్లీకి కాదు సేఠ్ సాబ్. ఈడనే ఆఫీసుంది. నెల నెలా చెప్పాలె."

"నెల నెలా! నా బేగంకు గూడ నేను నెల నెలా లెక్క చెప్ప."

అందరూ నవ్వారు. బ్రష్షులు చేయించే నారాయణ మాత్రం నవ్వలేదు. "ఒక మాట అడుగుత టీచరమ్మా. పంతొమ్మిది మందినే పెట్టుకుంటే?"

"ఇరవయ్యో మనిషిని యాడ పెడుతవ్ నారాయణా?"

"ఇంటికి పంపిస్త."

కింద దుకాణంలో ట్యూబుకు గాలి కొడుతున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. అందరి మనసులోనూ ఉన్నది అదేనని అప్పుడే నాకు అర్థమైంది. లెక్క రాయడం కష్టమైతే మనుషులను తగ్గించుకుంటారు. తగ్గించాల్సి వస్తే ముందు ఆడవాళ్ళను తగ్గిస్తారు.

టీచరమ్మ నోటీసును మడిచి సేఠ్ సాబ్ చేతికిచ్చారు. తర్వాత, "ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందు నేనొస్త," అన్నారు. "ఒక్కొక్క కార్ఖానాకు వస్త. ఆయన ఏమడుగుతడో నేను అడుగుత. యాడ తప్పుతరో చూద్దాం. ఫీజు తీసుకుంట, ఊకె చేయ. ఊకె చేస్తే మీరు ఊకెనే వింటరు."

ఇంట్లో ఈ సంగతి చెబితే మా బాపు బర్రె మెడ తడుముతూ, "ఇగ బర్లకు గూడ తండ్రి పేరు రాయాల్నా ఏంది?" అన్నాడు. సందంతా ఆ హాస్యమే కొన్నాళ్ళు నడిచింది. నవ్వడం తప్ప ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు.

మొదట వెళ్ళింది సేఠ్ సాబ్ సందూకుల కార్ఖానాకే. టీచరమ్మ గంజి పెట్టిన చీర కట్టి, పెద్ద హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టి, ఆఫీసరు నడక నడిచారు. నేను పెన్సిలు పట్టుకొని వెనకాల. లోపల వరుసగా రేకు కత్తిరించేవాళ్ళు, మడతలు కొట్టేవాళ్ళు, వెనక గోడ వైపు కొలిమి దగ్గర అతుకులు వేసేవాళ్ళు. వీధి వైపు కిటికీ కింద ఆడవాళ్ళు సందూకు మూతల మీద గులాబీలు వేస్తున్నారు. రంగు పని కాబట్టి వెలుగున్న చోటు వాళ్ళది. ఆ సుత్తెల మోతలో మాట వినాలంటే చెవి దగ్గరికి వంగాలి.

టీచరమ్మ రేకు కత్తిరిస్తున్న ఒక మనిషి ముందు ఆగి, గొంతు మార్చి, "పేరు?" అన్నారు.

"బాలయ్య."

"వయసు?"

అతను కత్తెర ఆపి ఆలోచించాడు. "నాకా టీచరమ్మా, జాగకా?"

ఆమెకు అర్థం కాలేదు. పక్క మనిషి పేరు అడిగారు. ఫకీర్ సాబ్ అన్నాడు. ఆ వెనక వాడు ఫకీర్ సాబ్ అతనికి తాత అని గొణిగాడు. కిటికీ దగ్గర బాలమణి అనే అమ్మాయి గులాబీ రెక్కకు తెలుపు అంచు దిద్దుతోంది. ఆమెను నేను ఎరుగుదును. ముప్పై లోపే ఉంటుంది. మా ఇంటి వెనక సందు.

"నీ పేరు?"

"ఎల్లయ్య," అంది బాలమణి, కుంచె ఎత్తకుండా.

కార్ఖానా అంతా గొల్లున నవ్వింది. బాలమణి మాత్రం నవ్వలేదు. "జాగా పేరు ఎల్లయ్య, అమ్మా. మా మామ. నేను దాంట్ల కూసుంటున్న," అంది.

అలా బయటపడింది అక్కడి ఆచారం. ఆ కార్ఖానాలో మనిషికి కాదు, చోటుకు పేరు. సేఠ్ సాబ్ తండ్రి కాలంలో ఎవరు ఏ చోట మొదట కూర్చున్నారో ఆ చోటు వాళ్ళ ఇంటిది. వాళ్ళు పోతే కొడుకు, కొడుకు పోతే కోడలు, తమ్ముడు, ఎవరైనా ఆ ఇంటివాళ్ళే కూర్చుంటారు. పొద్దున హాజరీ పిలిచేటప్పుడు మాత్రం పాత పేరే. "ఎల్లయ్యా!" అంటే బాలమణి "హాజర్" అనేది. పేరు మారితే చోటు కొత్తవాడికి పోయినట్టే అని వాళ్ళ భయం. అందుకే ప్రభుత్వం తరఫున ఎవరొచ్చి అడిగినా సొంత పేరు చెప్పకూడదని అందరూ ముందే అనుకున్నారు. తమ చోటును తాము కాపాడుకున్నామనే అనుకున్నారు.

సేఠ్ సాబ్ గర్వంగా నిలబడ్డాడు. "దేఖో ఉస్తానీ, ఒక్క పేరు మారలే. మా అబ్బా మాట ఇచ్చిండు, నేను నిలబెట్టిన."

టీచరమ్మ నా చేతిలోని కాగితం తీసి ఆయనకు చూపించారు. "సేఠ్ సాబ్, ఈ పేర్లు గిట్లనే పంపిస్తే ఏమైతదో ఎరుకేనా? సగం మంది చచ్చిపోయినోళ్ళు. చచ్చిపోయినోళ్ళకు జీతాలిస్తున్నవని రాసుకుంటడు ఆయన. ఆ జీతాలు నీ జేబులకే పోతున్నయంటడు."

"చోర్ అంటడా నన్ను?"

"అంటడు. ఇంకొకటి. ఎల్లయ్య పేర ఫండు జమ అయితది. రేపు అది తీసుకోనీకె ఎవలొస్తరు? ఎల్లయ్య వస్తడా?"

నవ్వులు ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టర్ రావడానికి ఎన్నో రోజులు లేవు.

మర్నాడు టీచరమ్మ నోటీసుతో వచ్చిన నమూనా కాగితాన్ని మళ్ళీ చదివారు. మళ్ళీ చదవడం ఆమెకు జపం లాంటిది. అందులో మనిషి పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో రాయడానికి చోటుంది. ఆమె ముఖం వెలిగింది. మనిషి పేరు ముందు, జాగా పేరు పక్కన. పాత పేరు పోదు, కొత్త పేరు దొంగది కాదు. ఫకీర్ సాబ్ మనవడిని తండ్రి పేరుకు ఒప్పించడానికి కాస్త కష్టమైంది కానీ, మిగతావాళ్ళకు దాదాపు సరిపోయింది. కార్ఖానాలో అందరికీ చాయ్ తెప్పించాడు సేఠ్ సాబ్. అంతమంది పెద్దవాళ్ళు మొదటిసారి తమ పేరు తాము చెప్పుకోవడం వింటుంటే, బడిలో చేరే రోజులా ఉంది. ఒకాయన తన పేరు చెప్పి, సిగ్గుపడి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

చాయ్ గ్లాసులు ఇంకా ఖాళీ కాలేదు, అప్పుడు నర్సింగ్ వచ్చాడు. నర్సింగ్ బాలమణి మరిది. తయారైన సందూకులను బండి మీద బార్కస్ దాకా దుకాణాలకు చేరవేసేవాడు. కార్ఖానా హాజరీలో అతనికి చోటు లేదు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"మంచిగున్నది టీచరమ్మా నీ లెక్క," అన్నాడు. "మరి మా వదినకు ఏం రాస్తవ్? బాలమణి, భర్త రాజయ్య. అండ్ల ఎల్లయ్య యాడున్నడు?"

టీచరమ్మ నమూనా కాగితం వైపు చూశారు.

"నా పేరు రాసి చూడు. నర్సింగ్, తండ్రి ఎల్లయ్య. నీ లెక్క ప్రకారమే జాగా నాదైతది గదా?"

అతను వెటకారంగా అనలేదు. అదే మమ్మల్ని ఇంకా కలవరపెట్టింది. "మా అన్న పోయినంక వదిన కూసున్నది, ఇంటి మనిషని ఊకున్న. నాకు మాత్రం పెండ్లాం పిల్లలు లేరా? ఆమె పేరు సర్కారుల ఎక్కితే ఇగ అది మా నాయిన జాగా కాదు. నేను ఒప్పుకోను," అన్నాడు. సేఠ్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. మగవాడి పేరు రాసి, పని ఆమె చేస్తే లొల్లి ఉండదు కదా అన్నాడు. నర్సింగ్‌కు అదీ సమ్మతమే.

అందరినీ గట్టెక్కించిన ఉపాయం ఒక్క బాలమణిని ముంచింది. అది టీచరమ్మ సొంత ఉపాయం.

ఆ సాయంత్రం బాలమణి ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చింది. చేతి గోళ్ళలో ఎర్ర రంగు అలాగే ఉంది. టీచరమ్మ బ్రష్షుతో అక్షరాలు తోముతున్నారు. ఆ సమయంలో పలకరించకూడదని బాలమణికి తెలియదు.

"నా పేరు రాయకు అమ్మా. నీ కాళ్ళు మొక్కుత. ఎల్లయ్య అనే రాయి. నాకు ఫండు వద్దు, ఏదొద్దు. జాగా ఉంటే చాలు."

"రాయలేను బిడ్డా. ఎల్లయ్య అని రాస్తే సేఠ్ మీద కేసైతది. కార్ఖానానే బందైతది."

"గట్లయితే నర్సింగ్ పేరు రాయి."

"అప్పుడు పని నీది, ఫండు ఆయనది. రేపు ఆయన లేచి పో అంటే నువ్వెవలని చెప్తవ్? ఏ కాయితంల ఉంటవ్?"

"ఇన్ని దినాలు ఏ కాయితంల ఉన్న? ఉన్ననా, లేనా?"

టీచరమ్మ బ్రష్షును మళ్ళీ కిరసనాయిల్లో ముంచారు. అర్థశాస్త్రం చదివిన నాకు శ్రామికుల భద్రత మీద పేజీల కొద్దీ రాయడం వచ్చు. బాలమణి అడిగిన ఒక్క ప్రశ్న ఆ పేజీల్లో ఎక్కడా రాలేదు. ప్రభుత్వ కాగితం మనిషిని కాపాడుతుందనే నేను అప్పటిదాకా నమ్మాను. ఆ కాగితం రాకముందు బాలమణి చోటు భద్రంగానే ఉంది. అదీ నిజమే.

తర్వాతి రోజుల్లో టీచరమ్మ సేఠ్ సాబ్ దగ్గరికి పదేపదే తిరిగారు. ఒకసారి ఆయన కోపంతో, "ఉస్తానీ, నువ్వు సర్కార్ తరఫా, మా తరఫా?" అని అడిగాడట. నారాయణ తన కూతురిని టైపు మాన్పించాడు. ఈమె పూసుకొని తిరిగితే ఇన్‌స్పెక్టర్ కన్ను మన మీద పడుతుందని సందులో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె తిండి సరిగ్గా తినలేదు. ఫీజు తిరిగి ఇచ్చేసి తప్పుకొందామా అని ఒకసారి నన్ను అడిగారు కూడా. నేను జవాబు వెతుక్కునేలోపే, "నిన్ను అడిగిన చూడు, డౌటమ్మను," అని తనే నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

చివరికి ఆమె తెచ్చిన పరిష్కారం ఇది. ఎల్లయ్య జాగా నర్సింగ్ ఇంటికి పోతుంది. అతని భార్యకు రంగు పని వచ్చు, ఆమె పేరుతోనే రాస్తారు. భర్త పేరు దగ్గర తన పేరుంటే చాలన్నాడు నర్సింగ్. బాలమణికి సేఠ్ సాబ్ కొత్త జాగా ఇస్తాడు. ఎవరి తాత పేరూ లేని జాగా. కానీ కొత్తగా చేరినవాళ్ళ చోటు ఎప్పుడూ వెనక గోడ వైపే. అక్కడ కొలిమి సెగ, పొగ. కిటికీ వెలుగు అక్కడికి చేరదు. ఆ ఒక్క విషయంలో సేఠ్ సాబ్ దిగిరాలేదు. వరుస తప్పితే మిగతావాళ్ళు ఊరుకోరన్నాడు.

ఈ మాట చెప్పడానికి మేమిద్దరం బాలమణి ఇంటికి వెళ్ళాం. ఆమె చాప వేయలేదు.

"ఎనకకా? నన్ను ఎనకకు కూసొమ్మంటవా? ఆ చీకట్ల నేను పూలెట్ల వేస్త? ఇన్నేండ్లు ఆ కిటికీ కింద కూసున్న. నీ కాయితం కోసం నా వెలుగు తీసుకుంటవా టీచరమ్మా?"

"నీ పేరున్న జాగా ఒక్కటన్నా ఉండాలె బాలమణీ."

"పేరు పెట్టుకొని ఏం జేసుకోను? నాలుకకు రాసుకోనా?"

టీచరమ్మ ఆమె చేయి పట్టుకోబోయారు. బాలమణి చేయి వెనక్కి లాగేసుకుంది. తిరిగి వస్తుంటే నేను ఆగలేక, "ఇది న్యాయమేనా టీచరమ్మా?" అని అడిగాను. ఆమె నడక ఆపలేదు. "న్యాయం అయితే ఆమెకు కిటికీ జాగా, పేరు రెండూ దొరకాలె. నాతోని అయింది గింతే. ఒప్పుకుంటదో లేదో ఆమె ఇష్టం. నేను మాత్రం రాయించ. ఆమె నోటితోని చెప్తేనే రాయాలె," అన్నారు. ఆ తర్వాత ఆమె బాలమణిని కలవలేదు. ఒత్తిడి చేసినట్టు అవుతుందని భయం.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన పొద్దున టీచరమ్మకు కార్ఖానాలో పనేమీ లేదు. ఆమె యజమాని కాదు, కూలీ కాదు. అయినా వెళ్ళి తలుపులో నిలబడ్డారు, పక్కన నేను. ఇన్‌స్పెక్టర్ చిన్న వయసు మనిషి, జలుబు చేసి ముక్కు తుడుచుకుంటున్నాడు. మేము ఇన్నాళ్ళు భయపడింది ఇతనికా అనిపించింది. సేఠ్ సాబ్ కొత్త షేర్వానీ వేసుకున్నాడు. గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కరి ముందు ఆగి పేరు అడుగుతున్నాడు. బాలయ్య కొడుకు తన పేరు చెప్పాడు, తండ్రి బాలయ్య అన్నాడు. ఫకీర్ సాబ్ మనవడు తడబడి తాత పేరు అనబోయి, నాలుక కరుచుకొని, సర్దుకున్నాడు. సుత్తెలు ఒకటొకటిగా ఆగిపోతున్నాయి. కిటికీ దగ్గరికి వచ్చేసరికి అంత పెద్ద కార్ఖానాలో కొలిమి చప్పుడు ఒక్కటే మిగిలింది.

కిటికీ కింద బాలమణి ఉంది. లేవలేదు, జరగలేదు. రోజూ కూర్చున్నట్టే కూర్చుని గులాబీ వేస్తోంది. నర్సింగ్, అతని భార్య గోడకు ఆనుకొని నిలబడ్డారు. ఆ పిల్ల కొత్త చీర కట్టుకొని వచ్చింది, తల ఎత్తడం లేదు. సేఠ్ సాబ్ ఒకసారి నర్సింగ్ వైపు, ఒకసారి టీచరమ్మ వైపు చూశాడు.

"పేరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బాలమణి తల ఎత్తి తలుపు వైపు చూసింది. టీచరమ్మ తల దించుకున్నారు. ఒక్క చూపుతో ఆమె చెప్పగలిగేవారు. చెప్పకూడదని ఎంత బలంగా అనుకున్నారో, నా మోచేతిని పట్టుకున్న ఆమె వేళ్ళు చెప్పాయి.

"పేరేందమ్మా?" ఇన్‌స్పెక్టర్ మళ్ళీ అడిగాడు.

"బాలమణి."

"భర్త?"

"రాజయ్య. లేడు." కుంచెను కిరసనాయిలు డబ్బాలో ముంచకుండా చీర కొంగుకే తుడుచుకుంది. "ఈ జాగా నాది కాదు సార్. నాది ఆ ఎనక."

అని లేచింది. రంగు డబ్బాలు ఒక చేత్తో, కుంచెలు ఇంకో చేత్తో పట్టుకొని, సగం వేసిన మూతను చంకలో ఇరికించుకొని, అందరి మధ్య నుంచి నడిచి వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. నర్సింగ్ సాయం పట్టడానికి ఒక అడుగు వేశాడు. "జరుగు," అందామె. అతను జరిగాడు.

ఇన్‌స్పెక్టర్‌కు ఇదేమీ అర్థం కాలేదు. రాసుకున్నాడు, ముక్కు తుడుచుకున్నాడు, పక్క మనిషిని అడిగాడు. కాసేపటికి పని ముగించుకొని వెళ్ళిపోయాడు. సేఠ్ సాబ్ అల్లాను తలచుకొని ఒక సందూకు మీద కూలబడ్డాడు.

ఆ తర్వాత బాలమణి చాలా ఏళ్ళు ఆ వెనక చోటనే పనిచేసింది. ఆమె కళ్ళు చెడాయి, అద్దాలు వచ్చాయి. ఆ చీకటి వల్లనో, వయసు వల్లనో ఎవరు చెప్పగలరు? సందూకులకు గిరాకీ తగ్గి కార్ఖానా మూతపడ్డప్పుడు ఆమె ఫండు ఆమె చేతికే వచ్చింది. కిటికీ చోటులో కూర్చున్న నర్సింగ్ భార్యకూ తన ఫండు తన చేతికే వచ్చింది. నాకు బాలమణి చెడిన కళ్ళు, ఆమె చేతికొచ్చిన ఫండు పక్కపక్కనే కనిపిస్తాయి, ఒకటి చూస్తే ఇంకొకటి మరపు రాదు. టీచరమ్మను స్మశానానికి తీసుకెళ్ళిన రోజు బాలమణి వచ్చింది. చివరిదాకా నిలబడింది. టీచరమ్మ మీద కోపం పోయిందా అని అడగాలనుకొని అడగలేకపోయాను. టీచరమ్మ కూడా బతికుండగా ఎన్నడూ అడగలేదు.

ఈ రాతంతా రాశాక నాకు ఆమె ముఖం కంటే, ఆ పొద్దున ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయిన తర్వాతి కొద్దిసేపే కళ్ళకు కడుతోంది. ఎవరూ ఇంకా పని మొదలుపెట్టలేదు. వెనక గోడ దగ్గర బాలమణి మూతను ఒళ్ళో పెట్టుకొని, కుంచెను రంగులో ముంచి, మూత మీద ఎక్కడ పెట్టాలో తెలియక వెతుక్కుంటోంది. మూతను ఇటు వంచింది, అటు వంచింది. కళ్ళు చికిలించింది. ఆ చోటికి కాస్తో కూస్తో వెలుగు వచ్చేది వీధి తలుపు ఒక్క దానిలోంచే. ఆ తలుపులో టీచరమ్మ నిలబడి ఉన్నారు. ఆమె నీడ పొడుగ్గా నేల మీద పరుచుకొని, వెనక దాకా పోయి, సరిగ్గా ఆ మూత మీద పడింది.

అది ఆమెకు తట్టడానికి ఒక క్షణం పట్టింది. తట్టగానే ఏమీ అనకుండా, నన్ను కూడా లాక్కొని, వీధిలోకి దిగి గోడ పక్కకు జరిగారు. బయట ఎండ మండుతోంది. గొడుగు చేతిలోనే ఉంది, విప్పలేదు. లోపల ఒక సుత్తె మోగింది, ఇంకొకటి మోగింది. టీచరమ్మ తలుపుకు అడ్డం రాకుండా ఆ ఎండలో అలాగే నిలబడ్డారు.